ఏకగ్రీవంగా రద్దయిన జీన్

సూరత్‌లోని వడోద్‌లో ఉండే రాజలింగానికి మాత్ర పనిచేయకపోవడం పూర్తిగా రాజలింగం తప్పేనని ఆసుపత్రి, ఆయన పనిచేసే కార్ఖానా యాజమాన్యం, తెలంగాణ నేతపని బంధువుల సంఘం విడివిడిగా విచారించి ఒకే నిర్ణయానికి వచ్చాయి. సూరత్‌లో మూడు వ్యవస్థలు ఒక్క మాట మీద నిలబడటం మామూలు విషయం కాదు. వడోద్ మురికికాలువ విషయంలో కూడా నిలబడలేదు. కాబట్టి ఆ తీర్పును గౌరవించడం మన కనీస బాధ్యత.

గౌరవించనిది ఒక్క భూదేవి. ఆమె రాజలింగం భార్య, ఐదో తరగతి దాకా చదివింది, ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అతికిస్తుంది. విచారణలో ఆమె మాట ఎవరూ వినలేదు. ఎలా వింటారు? అప్పటికే ఆమె రెండో ముద్దాయి.

జరిగింది ఇది. రాజలింగానికి యాభై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళ కిందట సిరిసిల్ల వైపు నుంచి వచ్చి మార్కండేయ శేఠ్ కార్ఖానాలో మరమగ్గాల మీద చేరాడు. ఏ మగ్గం ఎందుకు ఆగిందో చప్పుడు విని చెప్పగలిగిన మనిషి, ఒకరోజు తన గుండె చప్పుడు మాత్రం పోల్చుకోలేక మగ్గాల మధ్య కూలబడ్డాడు. ఆసుపత్రిలో గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టి ఆ సన్నని గొట్టం మళ్ళీ మూసుకుపోకుండా రోజుకో మాత్ర రాసి, పెద్ద డాక్టరు గారు భూదేవిని పిలిచి వేలు చూపించారు.

"ఒక్క రోజు తప్పినా మనిషి దక్కడు. బాధ్యత నీది."

భూదేవి ఆ మాటను ఎంత నమ్మిందంటే, పొద్దున ఎనిమిదింటికి ఇంట్లో అదో తంతు అయింది. స్టీలు గ్లాసులో నీళ్ళు, అరచేతిలో మాత్ర. మింగిన తర్వాత "ఆ అనుండ్రి" అనేది. రాజలింగం ఆ అనేవాడు. "నాలిక ఎత్తుండ్రి" అనేది. ఎత్తేవాడు. కూతురు నవత డ్యూటీకి పోతూ పోతూ గుమ్మంలోంచే తొంగిచూసి "హా మమ్మీ, గయీ" అని, మాత్ర లోపలికి పోయిందని సాక్ష్యం చెప్పి వెళ్ళేది. నవత పర్వత్ పాటియాలో చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే దుకాణంలో చేస్తుంది. పుట్టి పెరిగింది సూరత్‌లో కాబట్టి మూడు భాషలు కలిపితే గాని ఆమెకు ఒక వాక్యం పూర్తికాదు.

ఇరవై మూడో రోజున, తంతు ముగిసిన గంటకు, రాజలింగం మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ వలుస్తూ పక్కకు ఒరిగిపోయాడు. భూదేవి ఆటోలో ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి చేరేసరికి ఆమె ముంజేతి మీద ఆయన గోళ్ళు దిగిన గుర్తులు నాలుగున్నాయి. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టింది. డాక్టర్లు గంటన్నర కష్టపడి తెరిచారు. మనిషి బతికాడు.

మనిషి బతికాక ఇక కారణం కనుక్కోవాలి. పెద్ద డాక్టరు గారికి అందుకు అర నిమిషం పట్టింది.

"మాత్ర మానేశాడు."

"లేదు సారూ," అని భూదేవి కొంగున కట్టుకొచ్చిన ఖాళీ స్ట్రిప్పులు బల్ల మీద పరిచింది. "నా చేత్తోని మింగిచ్చిన."

పెద్ద డాక్టరు గారు వాటిని పెన్నుతో పక్కకు నెట్టారు. "ఖాళీ స్ట్రిప్పు చూస్తే స్ట్రిప్పు ఖాళీ అయిందని తెలుస్తుంది. మనిషి మింగాడని ఎలా తెలుస్తుంది?"

ఈ తర్కానికి తిరుగులేదు. ఆయన వెనక గోడ మీద వేలాడే డిగ్రీని చూసి కూడా అక్కడ ఒక ఫ్రేము ఉందనే చెప్పగలం. కానీ భూదేవికి ఆ సమయంలో అంత దూరం తోచలేదు. ఫైల్లో "రోగి మందులు వాడలేదు" అని రాసి ఆయన సంతకం చేశారు. ఫైల్లోకి ఎక్కినది నిజమవుతుందని మీకూ తెలుసు.

తప్పు తేలింది కనుక సంస్కరణ మొదలైంది. రాజలింగానికి కౌన్సెలింగ్ ఇచ్చారు. ఒక అధికారి ప్లాస్టిక్ గొంతు నమూనా పట్టుకొచ్చి, మాత్రను నాలుక మీద ఎక్కడ పెట్టాలో, నీళ్ళు ఏ కోణంలో పోయాలో, తల ఎంత వంచాలో ముప్పావు గంట వివరించాడు. యాభై నాలుగేళ్ళుగా ఏ శిక్షణా లేకుండా అన్నం మింగుతున్న రాజలింగం శ్రద్ధగా విన్నాడు. చివర్లో పరీక్ష. ఒక చాక్లెట్ గోళీ మింగి చూపించాడు. "సంతృప్తికరం" అని అధికారి రాసుకున్నాడు. తర్వాత అదే పాత మాత్రను, పనిచేయని ఆ మాత్రనే, ఎంతో శాస్త్రీయంగా మింగించారు.

మర్నాడు మార్కండేయ శేఠ్ అరడజను అరటిపళ్ళతో పరామర్శకు వచ్చాడు. నలభై ఎనిమిది మగ్గాల యజమాని, సంఘం అధ్యక్షుడు, ఎక్కడ నలుగురు కనిపించినా వాళ్ళను సభగా గుర్తించగల దూరదృష్టి ఉన్నవాడు. వార్డులో ఆరు మంచాలున్నాయి. అది చాలు.

"సోదరులారా! మన నేతన్నకు క్రమశిక్షణే ప్రాణం. పోగు తెగితే మగ్గం ఆగుతుంది. మాత్ర తప్పితే గుండె ఆగుతుంది. ఇందులో కార్ఖానా వేడి తప్పు లేదు, పన్నెండు గంటల షిఫ్టు తప్పు లేదు, దూది దుమ్ము తప్పు లేదు. మనిషి తన తప్పు తాను తెలుసుకోవాలి. నేను ఎవరినీ అనడం లేదు."

ఎవరినీ అనకుండా రాజలింగం వైపూ, ఆ తర్వాత భూదేవి వైపూ చూసి వెళ్ళిపోయాడు. ఆరో నంబరు మంచం మీది ఒరియా పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. ఆయనకు తెలుగు రాదు.

ఇక వాడకట్టు ఆడవాళ్ళు వచ్చారు. "రాళ్ళ పనిల పడి జర సూసుకోలేకపోయినవేమో భూదేవీ" అని ఒకరు. "మొగోళ్ళు బుగ్గల పెట్టుకొని పెరట్ల ఊంచుతరు, మనకేం ఎరుక" అని ఒకరు. మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో రాజలింగం ఎక్కడ తాగుతున్నాడో రహస్యంగా చెప్పినవాళ్ళు ముగ్గురు. మూడు చోట్లూ వేర్వేరు. ముగ్గురి మగవాళ్ళూ ఆ చోట్లు బాగా ఎరిగినవాళ్ళే అయి ఉండాలి.

ఇంతమంది ఇన్నిసార్లు అడిగాక, నాలుగో రోజున రాజలింగమే భార్య చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు.

"ఒక్కనాడు ఊంచిన కావచ్చునే."

"ఎన్నడు?"

"యాదికి లేదు. గింతమంది అంటున్నరంటే ఊంచే ఉంట."

భూదేవికి ఆయన గుండె ఆగినప్పుడు కూడా అంత భయం వేయలేదు. చెయ్యి విడిపించుకుని వార్డు బయటికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. వేళ్ళకు అంటిన జిగురు పెచ్చులు గిల్లుకుంటూ, ఇరవై మూడు పొద్దులను ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. ఒక్కటీ తప్పలేదు.

అక్కడ ఆమెను చూసి ఆగింది హిమశ్రీ. హన్మకొండ పిల్ల, ఆ ఆసుపత్రిలో చేరి రెండేళ్ళయిన చిన్న డాక్టరు. చిన్న డాక్టరు కావడం వల్ల ఆమెకు రోగులు చెప్పేది వినే దురలవాటు ఇంకా పోలేదు. పక్కనే మెట్టు మీద కూర్చుని మొత్తం విన్నది.

"ఆంటీ, మీరు మింగిచ్చిండ్రు. అంకుల్ మింగిండు. నేను నమ్ముతున్న."

"మల్ల చెప్పు బిడ్డా."

"మీరు మింగిచ్చిండ్రు, అంకుల్ మింగిండు."

రెండోసారి విన్నాక భూదేవి కొంగుతో ముఖం తుడుచుకుని, "మరి గిట్లెందుకయింది?" అంది.

"ఈ మాత్ర కడుపులకు పోంగనే పనిచెయ్యది ఆంటీ. అది నూలు లెక్క. నూలును ఒంటికి కట్టుకోలేం గద? మగ్గం మీద నేస్తేనే బట్ట. లివర్ ఆ మాత్రను నేసి మందు చెయ్యాలె. కొందరి లివర్‌ల ఆ మగ్గం నడవది. నూలు నూలు లెక్కనే పోతది. తాగుడుతోని కాదు, పట్టింపు లేక కాదు. పుట్టుకతోనే. అమ్మ నుంచి ఒక జీన్, నాయిన నుంచి ఒక జీన్ వస్తయి. రెండూ పనిచెయ్యనివైతే, మీరు ఎంత మంచిగ మింగిచ్చినా దండుగనే. పరీక్ష ఉన్నది. వేరే మాత్రలు గూడ ఉన్నయి, వాటికి ఆ మగ్గంతోని పనిలేదు."

ముప్పై ఏళ్ళు మగ్గాల పక్కన బతికిన మనిషికి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. పెద్ద డాక్టరు గారికి మాత్రం చాలా చెప్పవలసి వచ్చింది. హిమశ్రీ చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "పదివేల మందికి ఇదే మాత్ర ఇచ్చాను. ఇది మంచి మాత్ర." పదివేల మందిలో తిరిగి రానివాళ్ళంతా బాగున్నారని ఆయన లెక్క. కొందరు మరో కారణంతో కూడా తిరిగి రాకపోవచ్చన్నది ఆ లెక్కలో లేదు. పరీక్షకు రక్తం తీసుకోమన్నారు గానీ, ఫలితం వచ్చే ఎనిమిది రోజులూ పాత మాత్రే అన్నారు.

అప్పుడు భూదేవి ముందుకొచ్చింది.

"సారూ, ఫైల్ల అన్నీ రాస్తరు గద. ఇది గూడ రాయున్రి. గీ మాత్రతోని మూడోపారి గిట్ల కాదని రాసి, దస్కతు చేసియ్యున్రి. నేను ఎదురు మాట్లాడకుంట మింగిపిస్త."

అప్పటిదాకా ఏది రాయడానికీ జంకని పెద్ద డాక్టరు గారు జేబులు తడుముకున్నారు. పెన్ను జేబులోనే ఉంది, అందరికీ కనిపిస్తూనే ఉంది, ఆయనకు దొరకలేదు. వార్డు మొత్తం ఎదురుచూసింది. చివరికి పెన్ను దొరికింది. "రోగి బంధువుల మూర్ఖపు పట్టుదల మీద" అని రాసి మాత్ర మార్చారు.

ఎనిమిదో రోజున రిపోర్టు వచ్చింది. రెండు జీన్లూ పనిచేయనివే. పాత మాత్ర రాజలింగం ఒంట్లో దాదాపు సున్నం ముక్కతో సమానం. భూదేవి ఆ కాగితాన్ని నవత చేత మూడుసార్లు చదివించుకుంది. భర్త నేరం చేయలేదు, తాను నేరం చేయించలేదు అని ఒక ముద్ర ఉన్న కాగితం చెబుతోంది. దాన్ని అందరి ముందూ చదివితే ఈ మాటలన్నీ ఆగిపోతాయని ఆమె అనుకుంది. చదువు ఐదో తరగతేనని ముందే చెప్పాం.

సంఘం సర్వసభ్య సమావేశం పర్వత్ పాటియాలో అద్దె హాల్లో జరిగింది. రెండు వందల మంది వచ్చారు. సమోసాలు ఉంటాయని ముందే ప్రకటించారు. భూదేవి బతిమాలితే హిమశ్రీ కూడా వచ్చి, నాలుగు మాటల్లో విషయం చెప్పింది. చెప్పి ఊరుకోవచ్చు. డాక్టరు కాబట్టి నిజం మొత్తం చెప్పింది.

"ఇది రాజలింగం అంకుల్ ఒక్కరి సంగతి కాదండీ. మన దేశంల చాలా మందికి ఉంటది. ఈ హాల్ల సుమారు సగం మందికి అసొంటి జీన్ కనీసం ఒకటన్న ఉండొచ్చు. పదిమందిల ఒక్కరికన్న రెండూ ఉండొచ్చు. అది తప్పు కాదు, రోగం గూడ కాదు. తెలుసుకుంటే మాత్ర మార్చుకోవచ్చు."

అప్పటిదాకా మోచేతులు తగిలేలా కూర్చున్న బంధువులు కుర్చీలు తలా ఒక జానెడు జరుపుకున్నారు. జీన్ పక్కవాడి మీది నుంచి దూకుతుందేమోనన్న ముందుజాగ్రత్త. సగం మంది అనగానే ఆ సగం ఎవరో ప్రతి ఒక్కరికీ వెంటనే తెలిసిపోయింది. మిగతా సగం.

మార్కండేయ శేఠ్ మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! రాజులకు బట్ట కట్టిన జాతి మనది. మన రక్తానికి చరిత్ర ఉంది. అటువంటి రక్తంలో సగం చెడ్డదని ఒక కాగితం వచ్చి చెబుతోంది. కాగితాన్ని నమ్ముదామా, రక్తాన్ని నమ్ముదామా? రేపు మన పిల్లలకు సంబంధాలు వెతకాలి. బయట ఈ మాట పొక్కితే ఎవరు బాధ్యులు? డాక్టరమ్మ చదువుకున్నది, గౌరవిస్తున్నాను. కానీ ప్రజాస్వామ్యంలో నిర్ణయించేది ప్రజలు!"

చప్పట్లు తగ్గాక సంఘం కార్యదర్శి పరుశురాం లేచి తీర్మానం చదివాడు. "సదరు జీన్ ఈ సంఘ సభ్యులలో ఎవరికిని లేదనియు, ఒకవేళ ఎవరికైనా ఉన్నచో అది శ్రీ రాజలింగం గారి వ్యక్తిగత విషయమనియు ఈ సభ తీర్మానించుచున్నది. అనుకూలురు చేతులెత్తవలెను."

"ఓటేస్తే పోయేది కాదండీ అది," అని హిమశ్రీ లేచింది.

"అమ్మా, మీరు మెంబరు కాదు," అని పరుశురాం మర్యాదగా గుర్తు చేశాడు.

చేతులు లేచాయి. రాజలింగం కూడా చెయ్యెత్తాడు. శేఠ్ అడిగితే ఎత్తడం ఆయనకు ముప్పై ఏళ్ళ అలవాటు. భూదేవి ఆ చేతిని కిందికి లాగేలోపే లెక్కింపు అయిపోయింది. ఆ విధంగా, మనిషి పుట్టుకతో తెచ్చుకున్న జీన్‌ను రెండు నిమిషాల్లో, ఏ మందూ లేకుండా, మూజువాణీ గోల కూడా లేకుండా రద్దు చేసిన ఘనత ఆ హాలుకు దక్కింది. తర్వాత సమోసాలు పంచారు.

జీన్ లేదని తేలిపోయింది కాబట్టి సభ్యులు నిశ్చింతగా ఉండాలి. ఉన్నారు కూడా. అంత నిశ్చింతగా ఉండి, ఒక్కొక్కరే, ఎవరికీ చెప్పకుండా, పరీక్ష చేసే ల్యాబుకు వెళ్ళారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఫారం మీద పేరు రాయాలి. సొంత పేరు రాస్తే పరువు పోతుంది. వేరే ఎవరి పేరు రాసినా పాపమే. ఇప్పటికే పరువు పోయిన పేరైతే ఎవరికీ నష్టం లేదు. ఇంత సున్నితమైన ధర్మసందేహాన్ని ఒకరితో ఒకరు చర్చించకుండానే అందరూ ఒకే విధంగా పరిష్కరించుకున్నారు. ఇదే జాతి ఐక్యత.

మూడు వారాల తర్వాత భూదేవి ఇంటికి కొరియర్‌లో ఒక కట్ట వచ్చింది. నలభై ఒక్క కవర్లు. నవత విప్పి చూసి నోరు తెరిచింది.

"మమ్మీ, జో నే, సూడు! అన్నీ డాడీ పేరు మీదనే! లేడీస్ భీ ఉన్నరు. రాజలింగం, స్త్రీ, నలభై ఆరు!"

ల్యాబుకు ఫోన్ చేస్తే అక్కడి మనిషి ఎంతో ఆదరంగా మాట్లాడాడు. కౌంటరు దగ్గరికి వచ్చి తీసుకుంటామని అందరూ చెప్పారు గానీ, ఒకే పేరు మీద ఇన్ని రిపోర్టులు విడివిడిగా ఉంచడం పద్ధతి కాదని, అదే పేరుతో ముందే నమోదైన చిరునామాకు ఒకేసారి పంపేశామని చెప్పాడు. ఆరోగ్యం పట్ల ఇంత శ్రద్ధ ఉన్న కస్టమర్‌ను తాము ఇంతవరకు చూడలేదని, రాజలింగం గారిని విశిష్ట సభ్యుడిగా చేర్చుకున్నామని కూడా చెప్పాడు. ల్యాబు రికార్డుల ప్రకారం ఆ విశిష్ట సభ్యుడికి వయసు ఇరవై తొమ్మిది నుంచి డెబ్భై ఒకటి దాకా ఉంది. లివర్ కొన్ని పూటలు పనిచేస్తుంది, కొన్ని పూటలు పనిచేయదు.

భూదేవి నవ్వలేదు. నవత చేత కవర్లు ఒక్కొక్కటీ చదివించింది. ఒక కవరు దగ్గర ఆగమంది. పురుషుడు, యాభై రెండేళ్ళు, రెండు జీన్లూ పనిచేయనివి. పరీక్ష ఎందుకు అన్న చోట, "స్టెంట్ వేసి ఆరు వారాలు" అని ఉంది. పేరు అబద్ధం రాసిన మనిషి రోగం మాత్రం నిజం రాశాడు. వడోద్‌లో రాజలింగం కాక ఈ మధ్య స్టెంట్ వేయించుకున్న మనిషి ఒక్కడే. తీర్మానం చదివిన పరుశురాం.

చీర మీద సగం అతికించిన రాళ్ళు అట్లాగే వదిలేసి, భూదేవి కవరు పట్టుకుని వాళ్ళింటికి నడిచింది. పరుశురాం గుమ్మంలో కుర్చీ వేసుకుని సంఘం మినిట్స్ రాసుకుంటున్నాడు. కవరు చూడగానే ముఖం మారింది. గొంతు మారలేదు.

"నాది కాదు వదినె. పేరు సూడరాదు, రాజలింగం అని లేదా?"

"మా ఆయనకు యాభై నాలుగు. గిందుల యాభై రెండున్నది."

"అయితే మందు మంచిగ పడ్డట్టుంది, వయసు తగ్గింది."

భూదేవి కదల్లేదు. "పరుశురాం, నేను ఇరవై మూడు దినాలు నా చేత్తోని మింగిచ్చిన. నాలిక ఎత్తి సూసిన. ఇరవై మూడో దినం ఆటోల నా ఒళ్ళె గుడ్లు తేలేసిండు. గిగో, ఈ గోరుగాట్లు ఇంకా పోలే. నీది ఎన్నో దినమో నాకు ఎరుక లేదు. నీ భార్య గూడ పొద్దుగాల మాత్ర అరచేతిల పెట్టుకొని నిలబడుతది గద? రేపు నీకేమన్న అయితే వాడకట్టంత వచ్చి ఆమెను అడుగుతది. నన్ను అడిగినట్టే. ఆమె కోసం వచ్చిన, నీ కోసం కాదు."

పరుశురాం మినిట్స్ పుస్తకంలో పేజీ తిప్పాడు. లోపలి నుంచి ఆయన భార్య సుమన వచ్చింది. భూదేవి చేతిలోంచి కవరు తీసుకుని నడుము దగ్గర చీరలో దోపుకుంది. ఆ తర్వాత భూదేవి ముంజేతిని రెండు చేతులతో పట్టుకుని, గాట్లు ఉన్న చోట బొటనవేలితో రాసింది.

మర్నాడు సుమన హిమశ్రీ దగ్గరికి వెళ్ళింది. రిపోర్టు మీద పేరు చూసి హిమశ్రీ ఏమీ అడగలేదు, పరుశురాంను పిలిపించి సొంత పేరుతో మళ్ళీ రక్తం తీయించి, ఆ రోజే మాత్ర మార్పించింది. పరుశురాం ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ మాత్ర ఏమిటని ఎవరైనా అడిగితే విటమిన్ అంటాడు. మరుసటి నెల సమావేశంలో ఆయనే లేచి నివేదిక చదివాడు: "గత తీర్మానము సంపూర్ణముగా అమలైనది. సభ్యులలో సదరు జీన్ ఒక్కటియు నమోదు కాలేదు." చప్పట్లు మోగాయి. రాజలింగం ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. భూదేవి పక్కనే కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

మిగిలిన నలభై కవర్లు భూదేవి ఇంట్లో బియ్యం డ్రమ్ము మీద ఉన్నాయి. వాటిలో ఐదింటిలో రెండు జీన్లూ పనిచేయవు. ఎవరివో ఆమె కొన్నింటిని పోల్చుకుంది, ఆ ఇళ్ళ ముందు నుంచి రెండుసార్లు నడిచింది. తలుపులు వేసుకున్నారు. ఆ ఐదింటిలోనే ఒక డెబ్భై ఒక్కేళ్ళ కవరు ఉంది. సంఘంలో ఆ వయసున్నవాడు అధ్యక్షుడు శేఠ్ ఒక్కడే. ఆయన మాత్రం ఆమె ఎదురైనప్పుడల్లా ఆడవాళ్ళ సేవానిరతి గురించి ఉపన్యాసం మొదలుపెట్టి, అది ముగియకముందే కారెక్కేస్తున్నాడు.

కావలసినవాళ్ళు వెళ్ళి తీసుకోవచ్చు. భూదేవి పేరు అడగదు, వయసు మాత్రం అడుగుతుంది. మీకు ఆ అవసరం లేదని తెలుసు. చదువుకున్నవారు, ఇంతసేపూ వడోద్ వాళ్ళను చూసి నవ్వుకున్నవారు, మీ అమ్మానాన్నల నుంచి మీకు అన్నీ మంచివే వచ్చి ఉంటాయి. ఆ మాత్రం నమ్మకం మాకూ ఉంది. ఒక్కసారి చెయ్యెత్తండి, రాసుకుంటాం.